కుడి తొడ మీది చాట

అమ్మకు గర్భసంచి క్యాన్సర్ అని తెలిసిన ఏడాది మా ఇంట్లో భయమంతా నెత్తురు గురించే. పోతున్నది ఆగడం లేదని మందులిచ్చారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. చివరికి ఆగింది. అమ్మ మళ్లీ గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది.

ఒకరోజు పొద్దున లేచేసరికి ఆమె ఎడమ కాలు తొడ దాకా వాచి బిగుసుకుపోయింది. "కూసొని కూసొని పట్టుకున్నది, అంతే," అంటూ పక్కింటి పెద్దమ్మ నూనె తెచ్చింది. బీడీలు చుట్టేవాళ్లకు కాళ్ల నొప్పులు కొత్తా? నేనే గట్టిగా రుద్దాను.

మేం వలస వచ్చిన ఈ ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్తే, రుద్దినందుకు డాక్టరు మరాఠీలో నన్ను కసిరాడు. కాలి నరంలో నెత్తురు గడ్డకట్టిందట. క్యాన్సర్ ఉన్నవాళ్లకు అలా అవుతుందట. రుద్దితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోవచ్చట. నెత్తురు గడ్డకట్టకుండా సూదులు వేయాలన్నాడు. అదంతా అమ్మకు తెలుగులో చెప్పాను.

"మొన్నటిదాక నెత్తురు ఆగుతలేదనిరి. ఇప్పుడు గడ్డకట్టిందంటున్నరు. ఏదో ఒక్కటి చెప్పుమనవే," అంది అమ్మ.

రెండూ ఒకే ఒంట్లో ఎలా జరుగుతాయో ఇప్పటికీ నాకు సగమే అర్థమైంది.

వాపు ఎన్నాళ్ల నుంచి ఉందని డాక్టరు అడిగాడు. ఈరోజే అని అమ్మ చెప్పింది. కాదు. ఎప్పుడూ ఎడమ తొడ మీద ఉండే బీడీల చాట పది రోజులుగా కుడి తొడ మీద ఉంటోంది.

"జర ఇటు పెట్టవే," అని అమ్మ అడిగితే మార్చి పెట్టింది నేనే. ఎందుకని అడగలేదు.