కర్ర ఆగిన చోటు

టంగ్‌మని ఒక చప్పుడు. అద్దాల హాలంతా సన్నగా పాకి, పైకప్పు దీపాల దగ్గర కరిగిపోయింది. లిఫ్టు దిగుతున్న శ్రీలత ఆగింది. మరో చప్పుడు. ఈసారి దబ్‌మని, తడి మట్టి మీద అడుగు పడినట్టు.

ఆ చప్పుళ్లు, ఆఫీసు హాలు గోడకు అలంకారంగా ఆమె తెప్పించిన పాత భర్మార్ తుపాకులవి. మూతిలోంచి మందు కూరి పేల్చేవి. మొదట టంగ్‌మన్నది బల్ల మీద ఉంది. రెండోదాన్ని తోట వైపు ఏటవాలుగా ఆనించి, మూతికి పక్కగా నిలబడి, గేటు దగ్గర కాపలా ఉండే బాలనర్సయ్య దాని గొట్టంలోకి తెరల కోసం తెచ్చిన చెక్కకడ్డీ దించి ఉన్నాడు.

"దీన్ని ముట్టకుండ్రి మేడం. నిండున్నది."

గొట్టాలకు కొక్కేలు వెల్డింగ్ చేయడానికి వచ్చిన రవీందర్ నవ్వాడు. "పొద్దుగాల్నే ఏసినవా తాతా? ఇప్పుడే కన్నువెట్టి చూసిన. చీకటి తప్ప ఏం లేదు."

"ఆ కన్ను ఇంక ఉన్నందుకు సంతోషపడు బిడ్డా."

కడ్డీ ఆగాక, మూతి దగ్గర వేలితో గుర్తుగా పట్టుకుని బాలనర్సయ్య దాన్ని బయటికి తీశాడు. గొట్టం పక్కనే పెట్టి చూపించాడు. ఖాళీదైతే, నిప్పు లోపలికి పోయే సన్నని రంధ్రం దాకా కొస రావాలి. బెత్తెడు ముందే ఆగింది.

"ఆ బెత్తెట్ల మందున్నది, పేలికున్నది, గుండున్నది."

మెదక్ దగ్గర వాళ్ల ఊళ్లో అతని తండ్రి మక్కచేనుకు పందులు పడకుండా లైసెన్సు భర్మార్‌తో కాపలా కాసేవాడు. కొడుక్కి పేల్చడం ఎన్నడూ నేర్పలేదు. కర్ర దించి చూసేదాకా ప్రతి తుపాకీనీ నిండినదే అనుకోమన్నాడు, మూతికి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వొద్దన్నాడు. చేను పోయింది, తండ్రి పోయాడు. శేరిలింగంపల్లిలో కిరాయి గది, పదకొండేళ్లుగా ఈ గేటు. ఆ మాటలు మాత్రం వేళ్లలో ఉండిపోయాయి.

మధ్యాహ్నం ఛైర్మన్ వస్తాడు. గోడ బోసిగా ఉంటే మాట పడేది శ్రీలతే. ఆమె వెల్డింగ్ మిషన్ వైపు చూసింది. ఒక్క రవ్వ ఆ రంధ్రంలో పడి ఉంటే. వెళ్లి ప్లగ్ తానే పీకేసింది. హాలు ఖాళీ చేయించి పోలీసులకు ఫోన్ చేసింది.

ఆయుధాలు తెలిసిన పోలీసు ఒకాయన వచ్చి, తుపాకీ మూతిని తోటలోని మట్టికుప్ప వైపు తిప్పి, లోపలికి నీళ్లు పోసి నానబెట్టాడు. సాయంత్రానికి స్క్రూలా మెలితిరిగిన కొస ఉన్న కడ్డీతో బయటికి లాగాడు. ముందు సీసపు గుండు. తర్వాత ఎవరి చీర కొంగులోంచో చింపిన పేలిక. దాని మీద ఎర్ర పువ్వు ఇంకా ఎర్రగానే ఉంది. చివర నల్లటి బురద.

"ఈ మందు ఆరితే ఇప్పటికీ అంటుకుంటది," అన్నాడాయన.

రవీందర్ కన్ను నలుపుకుంటూ దూరంగా కూర్చున్నాడు. గోడ బోసిగానే ఉంది. ఛైర్మన్ ఏదో అన్నాడు, శ్రీలతకు గుర్తు లేదు. ఆమె ఆ పువ్వునే చూస్తోంది. పక్కన బాలనర్సయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎవరినో కొట్టనీకే నింపిండు మేడం. పందినో, పగోన్నో. ఏమనుకున్నడో ఏమో, కొట్టకుంటనే గోడకు ఆనిచ్చి పోయిండు. గా మనిషికి ఒక దండం."