పిల్లికి మందు మానేసిన రోజులు

మా అక్క పిల్లి మా ఇంట్లో నాలుగేళ్లు బతికింది. అక్క పిల్లి అని ఎందుకంటున్నానంటే, దాన్ని తెచ్చింది అక్క, చివరిదాకా తనదని చెప్పుకున్నది అక్క. అన్నం కలిపి పెట్టిందీ, కక్కినప్పుడు ఎత్తి పోసిందీ నేను.

అక్క విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అక్కడి జనరేటరు గదిలో దొరికిన పిల్లిపిల్లను అట్టపెట్టెలో పెట్టుకుని, బస్సులు మారి, శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరికి తెచ్చింది. "హాస్టల్లో ఉంచనివ్వరే. ఇక్కడైతే నువ్వు ఖాళీయే కదా," అంది.

నేను ఖాళీగా లేను. పెళ్లయిన రెండేళ్లకు అత్తవారింటి నుంచి తిరిగొచ్చేశాను. పొద్దున్నే అమ్మతో పాటు చేపలు ఎండబెట్టేదాన్ని, మధ్యాహ్నం జాకెట్లు కుట్టేదాన్ని. కానీ మొగుణ్ని వదిలేసి వచ్చిన ఆడది ఎంత పని చేసినా మావాళ్ల కంటికి ఖాళీగానే కనబడుతుంది.

పిల్లి బూడిద రంగుది, గడ్డం కింద తెల్లగా ఉండేది. నెత్తళ్ల లాంటి చిన్న చేపలు ఆరబోస్తే పక్కన కూర్చుని కాకుల్ని తోలేది. తను మాత్రం ఒక్కటీ ముట్టేది కాదు, అమ్మ చేత్తో పెడితేనే తినేది. నేను కుట్టు మిషను ముందు కూర్చుంటే బల్ల మీదికి గెంతి, గుడ్డముక్కల్లో ముడుచుకుని పడుకునేది. సూది చప్పుడుకు దానికి నిద్ర పట్టేది. అత్తవారింట్లో నా పక్కన అంత నిశ్చింతగా పడుకున్న ప్రాణి ఒక్కటీ లేదు.

ఒక వేసవిలో, కాకి వెంట పరిగెత్తి వచ్చి, నోరు తెరుచుకుని కుక్కలా రొప్పింది. పిల్లి అలా రొప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎండ దెబ్బే. కాసిన్ని నీళ్లు సల్లు," అంది అమ్మ.

రెండు రోజుల తర్వాత నీడలో పడుకునే రొప్పింది. ఫోన్‌లో వీడియో తీసి అక్కకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది. "రేపు మొదటి బస్సుకి తీసుకొచ్చీ," అంది.

అమ్మ నవ్వింది. "పిల్లికి గుండె పరీచ్చలేటే! మీ నాన్న రొమ్ము పట్టుకుని పడిపోయిననాడు ఆటో అయినా దొరకలేదు మనకి." అలా అన్న అమ్మే, తెల్లారేసరికి చేపల బుట్టను కడిగి, ఆరబెట్టి, అడుగున తన పాత చీర మడత వేసి ఉంచింది.

విశాఖలో జంతువుల డాక్టరు దాని డొక్క మీద బొచ్చు గొరిగి స్కాను తీశాడు. పిల్లి రెండు ముంగాళ్లతో నా చెయ్యి పట్టుకుని కదలకుండా పడుకుంది. డాక్టరు తెర చూపించి నెమ్మదిగా చెప్పాడు.

"గుండె గోడ మందమైపోయిందమ్మా. ఇది నయమయ్యేది కాదు, మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చు. గుండెకొక మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇంకొకటి. ఉప్పు పెట్టకండి, బెదరనివ్వకండి." తర్వాత నా వైపు తిరిగాడు. "కొన్ని పిల్లులు మందు వేయించుకోవు. బలవంతం చేస్తే ఆ భయమే గుండెకు చేటు. అలాంటప్పుడు మందులు మానేసి, ఉన్నన్నాళ్లూ సుఖంగా ఉంచినా తప్పులేదు. ఇంట్లో ఏది కుదురుతుందో ఆలోచించుకోండి."

"ఆలోచించడానికేముంది సార్, మందులు వేద్దాం," అంది అక్క.

ఆ 'వేద్దాం'లో ఎవరెవరున్నారో తిరుగు బస్సెక్కాక అర్థమైంది. అక్క డ్యూటీకి వెళ్లిపోయింది. ఒళ్లో బుట్ట, సంచిలో మాత్రలు పెట్టుకుని నేనొక్కదాన్నే ఊరికి వచ్చాను.

మొదటి వారం అన్నంలో కలిపి పెట్టాను. వాసన చూసి వదిలేసింది. పచ్చి చేప ముక్కలో దాచి పెడితే చేప తిని మాత్ర ఉమ్మేసింది. ఇక పొద్దునా సాయంత్రం తువ్వాలులో చుట్టి, మోకాళ్ల మధ్య బిగించి, దవడ తెరిచి నాలుక వెనక్కి తోసేదాన్ని. నోట్లోంచి నురగ వచ్చేది. డొక్కలు ఎగిరెగిరి పడేవి. నా ముంజేతుల మీద గీతలు చూసి జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్లు, "మళ్లీ మీ ఆయన గాని వచ్చాడేటమ్మా?" అని అడిగారు.

నెల తిరక్కుండానే పిల్లి మిషను బల్ల ఎక్కడం మానేసింది. నా కాలి చప్పుడు వింటే చాలు, పాకలో వలల గుట్ట వెనక్కి దూరిపోయేది. ఈ మనిషి చేతులే తనను పెంచాయన్న సంగతి దానికి గుర్తే లేనట్టుండేది.

ఆదివారాలు అక్క వచ్చేది. తను పిలవగానే పిల్లి బయటికొచ్చి ఒళ్లో కూర్చునేది. "సూడు, ఎంత బుద్ధిగా ఉన్నాదో. నువ్వే మొరటుగా పట్టీసి బెదరగొడతన్నావు," అనేది అక్క. అక్క ఉన్న పూట కూడా మాత్ర నేనే వేసేదాన్ని. "నన్ను సూసి కూడా భయపడితే ఎలాగే?" అని నవ్వేది.

ఒక సాయంత్రం, మాత్ర వేశాక అది నేల మీద చతికిలబడి, చాలాసేపు నోరు తెరుచుకునే ఉండిపోయింది. అక్కకు ఫోన్ చేశాను.

"మందులు మానేద్దామక్కా. రోజుకి రెండుసార్లు దాన్ని నేనే సంపుతున్నట్టున్నాది. ఆ డాక్టరు కూడా సెప్పాడు కదా, సుఖంగా ఉంచినా తప్పులేదని."

"నర్సుని నేనా, నువ్వా?"

"నువ్వొచ్చి పది రోజులు వెయ్యి మరి. ఆ తర్వాత నువ్వే సెప్పు."

అక్క అంది: "నీకు ఏదీ నిలబెట్టుకోవడం సేతకాదే. కష్టమనిపిస్తే వదిలీడమే. కాపురమూ అంతే సేశావు."

ఫోన్ పెట్టేశాను. నన్ను కొట్టిన మనిషి దగ్గర ఎందుకు ఉండలేకపోయానో అక్కకు తెలుసు. నన్ను వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చింది కూడా తనే.

మర్నాటి నుంచి మాత్ర వెయ్యలేదు. ఆ నెలంతా అక్కకు ఆదివారాలూ డ్యూటీ పడి రాలేకపోయింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "వేశావా?" అనేది. "వేశాను," అనేదాన్ని. మాత్రల అట్టలు దారపు రీళ్ల డబ్బా వెనక పెట్టాను. అమ్మకు తెలుసు. నెత్తళ్లు రెండు మూడు నీళ్లలో నానబెట్టి, ఉప్పు పోయేదాకా పిసికి, పిల్లికి పెట్టడం మొదలుపెట్టింది.

అయిదో రోజో ఆరో రోజో పిల్లి గుమ్మం దాకా వచ్చి నన్ను చూసి ఆగింది. నేను తల ఎత్తలేదు, కుడుతూనే ఉన్నాను. ఇంకో రెండు రోజులకు బల్ల ఎక్కింది. గుడ్డముక్కల్ని ముంగాళ్లతో తొక్కి తొక్కి చోటు చేసుకుని, నాకు వీపు పెట్టి పడుకుంది. ఆవేళ కుట్టాల్సిన జాకెట్టు కుట్టలేకపోయాను.

అలా నెల రోజులు గడిచాయి. బాగానే ఉందనుకున్నాను.

ఒకరోజు పొద్దున్న, చేపలు ఆరబోస్తుంటే పాకలోంచి అరుపు వినబడింది. అది పిల్లి అరుపని మొదట తెలియలేదు. వెళ్లి చూస్తే వెనక కాళ్లు రెండూ ఈడ్చుకుంటూ, ముందు కాళ్లతో నా వైపు పాకుతోంది. ఆ కాళ్లు పట్టుకుంటే మంచులా ఉన్నాయి. అమ్మ దాన్ని కొంగులో చుట్టి నా చేతికిచ్చింది. ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారి పొడుగునా అరుస్తూనే ఉంది.

అక్కడి డాక్టరు కాళ్లు తడిమి తల అడ్డంగా ఊపాడు. "గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కిందికి జారి కాళ్లకు రక్తం ఆగిపోయింది. చాలా నొప్పిగా ఉంటుంది. బతకడం కష్టమమ్మా. మీరు ఒప్పుకుంటే ఇంజక్షనుతో నిద్రపుచ్చేస్తాను."

అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. డ్యూటీలో ఫోన్ లాకరులో పెట్టాలి, ఆ సంగతి నాకు తెలుసు. పిల్లి నా వేలు కొరికి పట్టుకుంది.

"మందు మానేశాను సార్. వేసుంటే ఇది వచ్చుండేది కాదా?" అని అడిగాను.

"వచ్చుండొచ్చు, రాకపోయుండొచ్చు. ఎవరం చెప్పగలం?" అన్నాడు.

"చేసెయ్యండి," అన్నాను.

సూది దిగాక వేలు మీద పట్టు కొంచెం కొంచెంగా వదిలింది.

రాత్రి డ్యూటీ దిగాక ఫోన్ చూసుకుని, నాతో మాట్లాడి, అక్క మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికి పాక వెనక సరుగుడు చెట్ల కింద పూడ్చేశాం. అక్కడికెళ్లి కాసేపు నిలబడి, లోపలికొచ్చి, చేతులు తుడుచుకోవడానికి నా బల్ల మీది గుడ్డముక్క తీసింది. ఆ విసురుకు రీళ్ల డబ్బా పక్కకు జరిగి, మాత్రల అట్టలు కనబడ్డాయి.

"ఇవేటి?"

"మానేశాను. నెలయింది."

"నెల్రోజులూ వేశానని సెప్పావు నాకు."

"సెప్పాను."

"కాళ్లు పడిపోకుండా ఉండడానికేనే ఆ మాత్ర! తెలుసా నీకు?"

"తెలుసు."

"అయితే నువ్వే సంపీసావు దాన్ని."

అమ్మ గుమ్మంలోంచి అరిచింది. "ఒసే, నోరు మూయి! ఆదివారం వచ్చి ముద్దులాడీసి పోయేదానివి. రెండు పూటలా అది ఎలా గిలగిల్లాడీదో నువ్వు సూసావేటి?"

అక్క ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది.

వచ్చుండొచ్చు, రాకపోయుండొచ్చు అని పశువుల డాక్టరు అన్న మాట అక్కకు ఇప్పటికీ చెప్పలేదు. అందులో సగం నాకు సాక్ష్యం, సగం తనకు. పిల్లి కోసమే మానేశానని చాన్నాళ్లు అనుకున్నాను. అది అబద్ధం కాదు కానీ, మొత్తం నిజమూ కాదు. నన్ను చూసి పారిపోయే జీవితో ఒకే ఇంట్లో ఉండలేక మానేశాను. కాపురం మాట అన్నందుకు అక్క మీద కక్షతో కూడా మానేశాను. వద్దని తన మొహం మీద చెప్పి మానేసి ఉంటే, ఇంత చేదు మిగిలేది కాదేమో.

మరుసటి ఏడు అమ్మకు బీపీ అని తేలింది. అక్క ఇప్పుడు నెలకోసారి వస్తుంది. చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగి, తిన్నగా అమ్మ మందుల డబ్బా దగ్గరికి వెళ్తుంది. ఖాళీ అయిన అట్టల్ని వెలుగుకు పెట్టి ఒక్కొక్కటే చూస్తుంది. నన్నేమీ అడగదు. ఒకసారి అమ్మే ఉండబట్టలేక, "రోజూ వేస్తన్నాదే, నేను మింగుతున్నాను," అంది.

అక్క ఆ మాట వినిపించుకోనట్టు రెండో అట్ట తీసింది. నేను అమ్మ పక్కనే కూర్చుని, అక్క ఆఖరి అట్ట కూడా చూసేదాకా ఆగి, భోజనాలకు కంచాలు పెట్టాను.