ప్రార్థన అయ్యాక వచ్చే ప్లేటు

2024 జనవరి. మేడ్చల్ రోడ్డు మీద, దూలపల్లి వైపు మలుపు తిరిగే చోటికి కాస్త ఇవతల ఉన్న ఒక పిల్లల ఆసుపత్రిలో నేను డైటీషియన్‌ని. ఉండేది శామీర్‌పేటలో. రోజూ బస్సొకటి, ఆటో ఒకటి మారి వస్తాను. మెట్ల కింద ఉన్న నా గది తలుపు మీద ‘పోషకాహార నిపుణురాలు’ అని రాసి ఉంటుంది. అంత పొడుగు మాట పలికే ఓపిక లేక అందరూ నన్ను ‘తిండి మేడం’ అంటారు. నా ఆకారం చూసినవాళ్లకు ఆ పేరు సబబుగానే తోస్తుంది. “మేడం, మీరు చెప్పేది మీరు గూడ చేస్తరా?” అని ఒక తండ్రి మొహం మీదే అడిగాడు. “ఇద్దరం చెప్పుకుంటూ కూర్చుంటే చేసేదెవరు? అందుకే నేను చెబుతాను, మీరు చేయండి” అన్నాను. పథ్యం చెప్పడంలో నాకున్న పట్టు పాటించడంలో లేదన్న సంగతి మా ఆసుపత్రి క్యాంటీన్‌కు బాగా తెలుసు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా గదికి ఎక్కువగా బక్కపిల్లలు వచ్చేవారు. “ఏం పెట్టినా తినడు” అన్నది తల్లుల ఫిర్యాదు. ఇప్పుడు ఆ పిల్లల పక్కనే ఇంకో వరుస కూర్చుంటోంది. వీళ్లు తింటారు. పాకెట్లో ఉన్నది, సీసాలో ఉన్నది, నూనెలో తేలేది తింటారు. పెద్దవాళ్ల జబ్బులని మేం చదువుకున్నవి వీళ్ల రిపోర్టుల్లో కనిపిస్తున్నాయి. అలా వచ్చిన పిల్లే కీర్తన.

మచ్చ బొల్లారం నుంచి వాళ్లమ్మ సునీత తీసుకొచ్చింది. సునీత దూలపల్లిలో ఒక చిన్న కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. కీర్తనకు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. వాళ్లు డాక్టరు గారి దగ్గరికి వచ్చింది షుగర్ గురించి కాదు, మెడ గురించి. ఆయన చూసి నా దగ్గరికి పంపారు.

“గీ పిల్ల మెడ సూడుండ్రి మేడం. ఎంత రుద్దినా మురికి పోతలేదు. సున్నిపిండి పెట్టిన, నిమ్మకాయ పెట్టిన. ఇగ గిన్నెలు తోమే పీచు ఒక్కటే మిగిలింది” అంది సునీత.

“అది గూడ పెట్టింది మేడం” అంది కీర్తన, నేల చూస్తూ.

మచ్చ బొల్లారం నుంచి మెడ మీద మచ్చతో వచ్చిందని నాలో ఒక చిలిపి మాట మెదిలింది. పిల్ల మొహం చూసి మింగేశాను. మింగడం నాకు బాగా వచ్చిన పనే.

ఆ నలుపును మేం అకాంథోసిస్ నైగ్రికన్స్ అంటాం. పేరు చూసి భయపడక్కర్లేదు, నేనూ పరీక్షల్లో దాన్ని తప్పు రాసినదాన్నే. మనం తిన్నది చక్కెరగా మారి రక్తంలోకి వస్తే, దాన్ని కణాల్లోకి పంపడానికి ఇన్సులిన్ తలుపు తడుతుంది. తీపి పానీయాలు, వేపుళ్లు, పాకెట్ తిండి రోజూ పడుతుంటే, ఒంటికి కదలిక లేకపోతే, కణాలు ఆ తట్టుడు విననట్టు కూర్చుంటాయి. దాన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు. అప్పుడు ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అలా ఎక్కువైనప్పుడు మెడ వెనక, చంకల్లో చర్మం మందంగా నల్లబడుతుంది. దాన్ని పీచుతో రుద్దితే చర్మం లేస్తుంది కానీ నలుపు పోదు.

“ఇది మురికి కాదు తల్లీ. నువ్వు శుభ్రంగానే ఉన్నావు” అన్నాను. గదిలోకి వచ్చాక ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది అప్పుడే.

డాక్టరు గారు పరీక్షలు చేయించారు. హెచ్‌బీఏ1సీ, అంటే గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష, షుగర్ జబ్బు గీత దగ్గర నిలబడింది. ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలోని కొవ్వు ఎక్కువగా ఉంది. కాలేయంలో కొవ్వు చేరడం మొదలైంది. “మూడు నెలలు తిండి, ఆట మార్చి చూద్దాం. అప్పటికీ గీత దాటితే మాత్ర మొదలుపెట్టాలి” అన్నారాయన.

మాత్ర అనగానే కీర్తన కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్ల నాయినను కన్న తల్లి రూతమ్మకు చాలా ఏళ్లుగా షుగర్. అంతకుముందు ఏడాదే కాలి వేలు తీసేశారు. ఆ కాలికి మందు రాసి కట్టు కట్టేది ఈ పిల్లే.

“మాత్రలు షురూ అయితే ఇగ ఆగయి గద మేడం? మా అవ్వకు ఆగలే. నా వేలు గూడ తీస్తరా?”

“అవ్వ ఆలస్యంగా వచ్చింది. నువ్వు ముందే వచ్చావు” అన్నాను. ధైర్యంగానే అన్నాను కానీ, ఆ మాటను నిలబెట్టాల్సిన భారం నా మీదే పడిందని అన్నాక తెలిసింది.

పెరిగే పిల్లల్ని పస్తుపెట్టి సన్నబరచడం మా పని కాదు. ఎత్తు పెరుగుతూ బరువు నిలకడగా ఉంటే చాలు. అందుకని తేలికైన మార్పులే చెప్పాను. బడికి పోయే ముందు తినాలి. అన్నం కాస్త తగ్గి, కూర, పప్పు, గుడ్డు పెరగాలి. పాకెట్లు, కూల్‌డ్రింక్‌లు ఇంట్లోకి రాకూడదు. సాయంత్రం తాడుతో గెంతే తాడాట ఆడాలి. సునీత ప్రతి మాటకూ తలూపింది. తలూపే తల్లుల్ని చాలామందిని చూశాను కాబట్టి నేనూ తలూపాను.

మార్చిలో మళ్లీ వచ్చారు. బరువు పెరిగింది. ట్రైగ్లిజరైడ్స్ కూడా పెరిగాయి. సునీత మొహం ఇంత చిన్నదైంది.

“ఒట్టు మేడం, ఇంట్ల ఒక్క బిస్కెట్ పాకెట్ గూడ లేదు. పొద్దున జొన్నరొట్టె చేస్తున్న. నేనే మూడు కిలోలు తగ్గిన!”

తల్లి నిజంగానే తగ్గింది. నా మందు తల్లికి పనిచేసి పిల్లకు పనిచేయకపోవడం నా వృత్తిజీవితంలో అదే మొదలు. మా దగ్గర రీకాల్ అని ఒక పద్ధతి ఉంది. నిన్న లేచినప్పటి నుంచి పడుకునే దాకా నోట్లో పడినవన్నీ గుర్తుతెచ్చుకుని చెప్పించడం. కీర్తన గడగడా చెప్పింది. రొట్టె, గుడ్డు, పప్పు, జామపండు. పరీక్షలో అయితే నూటికి నూరు వేసేదాన్ని.

“రాత్రి అన్నం ఎందుకంత ఆలస్యంగా తిన్నావు?”

“ప్రార్థన ఉంటది గద మేడం. లెంట్ గద.”

లెంట్ అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు. ఆ రోజుల్లో వాళ్ల చర్చి సంఘంవాళ్లు సాయంత్రమైతే ఒక్కో ఇంట్లో కూడి ప్రార్థన చేసుకుంటారు. కీర్తన కీబోర్డు వాయిస్తుంది కాబట్టి ప్రతి ఇంటికీ వెళ్లాల్సిందే.

“అక్కడ ఏమైనా తింటావా?”

“తినను మేడం. పెడ్తరు.”

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. “ఏం పెడతారు?”

“మిర్చి బజ్జీ, సమోసా, జిలేబి, ఒక్కోసారి కేకు. కూల్‌డ్రింక్ అయితే పక్కా. వాయించి అలిసిపోయిన్నని నాకు రెండో గ్లాసు గూడ పోస్తరు.”

“ఇది నాకెందుకు చెప్పలేదమ్మా?” అని సునీతను అడిగాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది.

“అది తిండెట్లయితది మేడం? ప్రార్థన అయినంక ఇచ్చేది. దాన్ని గూడ లెక్కల పెడ్తరా?”

ఆమె అబద్ధమాడలేదు. ఆమె దృష్టిలో అది తిండి కోవలోకి రాదు, దీవెన కోవలోకి వస్తుంది. “మానేయండి” అని నేను అనగలిగేదాన్నే. కానీ దేన్ని మానమనాలి? ప్రార్థననా, ప్లేటునా? “శుక్రవారం మా ఇంట్లనే ఉంది, వచ్చి సూడుండ్రి” అంది సునీత. వెళ్లాను.

వంటింట్లో రూతమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. సంఘంలో ఆడవాళ్లకు ఆమె పెద్ద. ఆమె చెప్పిందే మాట. ఎదురుగా బజ్జీల తాంబాళం, జిలేబీల డబ్బా, వరసగా కూల్‌డ్రింక్ సీసాలు. నేను నెమ్మదిగా విషయం ఎత్తాను.

“పొద్దటి సంది ఉపాసముండి వచ్చినోళ్లను ఉత్త చేతులతోని పంపుతమా బిడ్డా? మొన్న ఒకరింట్ల సమోసా ఇచ్చిండ్రు. నిన్న ఇంకొకరు సమోసా ఇచ్చి కేకు గూడ కోసిండ్రు. ఇయ్యాల మనం తక్కువైతమా?”

“పిల్లకు మంచిది కాదు కదమ్మా.”

“ప్రార్థన జేసినంక ఏం గాదు. దాంట్ల దీవెన ఉంటది.”

ఇన్సులిన్‌కు దీవెన సంగతి తెలియదమ్మా అందామనుకున్నాను. నోరు తెరిచాను. తెరిచిన నోట్లో ఆమె జిలేబి పెట్టింది. మా వృత్తి సిద్ధాంతాలన్నీ ఆ జిలేబీతో పాటు కరిగి కడుపులోకి జారిపోయాయి. వేడిగా ఉంది, బాగుంది కూడా. ఒద్దనడానికి నాకే నోరు రాలేదంటే పదమూడేళ్ల పిల్లకు ఎలా వస్తుంది? ఆ ఇంట్లో ఓడిపోయాననే అనుకుని వెళ్లి చాప మీద కూర్చున్నాను.

పాటలయ్యాయి. కీర్తన వేళ్లు కీబోర్డు మీద చకచకా పరుగెత్తాయి. ఆ తర్వాత విన్నపాలు. అక్కడ అదొక ఆనవాయితీ. ఎవరికి ఏ కష్టం ఉంటే అది లేచి నిలబడి చెబుతారు, మిగతావాళ్లంతా దానికోసం ప్రార్థన చేస్తారు. ఒకామె కొడుకు ఉద్యోగం గురించి చెప్పింది. ఒకాయన ఎండిపోయిన బోరు గురించి చెప్పాడు. మామూలుగా పిల్లలు మాట్లాడరు. కీర్తన లేచి నిలబడింది.

“నాకొక విన్నపముంది. నాకు షుగర్ రావద్దని అందరు ప్రార్థన చెయ్యాలె.”

“ఆమెన్” అన్నారు నలుగురు.

“ఇంకొకటి. ప్రార్థన జేసినంక నాకు కూల్‌డ్రింక్ పొయ్యొద్దు. బజ్జీలు గూడ పెట్టొద్దు.” కీర్తన అక్కడితో ఆగలేదు. “మీరు పెడ్తే నేను ఒద్దనలేను. ఒద్దంటే మా అవ్వకు నామోషి అయితది. తింటే నాకు షుగర్ వస్తది. నేనేం జెయ్యాలె?”

ఈసారి ఆమెన్ అనబోయిన ఒకాయన సగంలో ఆగి రూతమ్మ వైపు చూశాడు. సునీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రూతమ్మ గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. కోపమొచ్చిందనే అందరం అనుకున్నాం. లోపల సీసాలు జరుపుతున్న చప్పుడు. కాసేపటికి గడపలోకి వచ్చి నిలబడింది.

“సీసాలు గట్టు కిందికి నూకిన. ఇయ్యాల ఎవలికీ లెవ్వు. గీ పిల్లను ఒక్కదాన్ని పక్కకు కూసోవెట్టి మనం తింటమా? రేపటి సంది ఏ ఇంట్లనైనా ఒక్కటే రకం. ఉడకవెట్టింది. తాగెతందుకు సల్ల. గొప్పలు పోయేటోళ్లుంటే ప్రార్థనల పోవుండ్రి, ప్లేట్ల కాదు.”

“మరి గీ జిలేబీలేం జేద్దం రూతక్కా?” అని ఎవరో అడిగారు.

“తిండి మేడం వచ్చింది గద!”

ఇల్లంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది కీర్తనే. నన్ను చూసి ఎవరైనా నవ్వితే నాకు అంత సంతోషం వేయడం అదే మొదలు.

ఆ తర్వాతి ఇళ్లలో పోటీ ఆగలేదట, రూటు మార్చిందట. ఒకరు శనగ గుగ్గిళ్లలో కొబ్బరి వేస్తే, ఇంకొకరు బొబ్బర్లకు మామిడికాయ తురుము కలిపారు. సల్లలో, అంటే మజ్జిగలో, అల్లం పడిందా కొత్తిమీర పడిందా అన్నది మచ్చ బొల్లారంలో కొన్నాళ్లు పెద్ద చర్చ. కీర్తన తాడాట ఆడుతుంటే వాడకట్టు పిల్లలు వరస కట్టారని సునీత ఫోన్ చేసి చెప్పింది.

ఈస్టర్ అయ్యాక, ఏప్రిల్‌లో రిపోర్టులు వచ్చాయి. రూతమ్మతో సహా ముగ్గురూ వచ్చి నా చిన్న గదిలో ఇరుక్కుని కూర్చున్నారు. హెచ్‌బీఏ1సీ గీతకు ఇవతలికి వచ్చింది. ట్రైగ్లిజరైడ్స్ బాగా తగ్గాయి. బరువు దాదాపు అంతే ఉంది కానీ పిల్ల ఎత్తు పెరిగింది, మాకు కావలసింది అదే. మెడ మీది నలుపు ఇంకా ఉంది. అది నిదానంగా పోతుందని, అన్నీ బాగున్నాయని మానేస్తే మళ్లీ వస్తుందని, ఆరు నెలలకోసారి పరీక్ష తప్పదని చెప్పాను. డాక్టరు గారు చీటీ మీద ‘ఇప్పుడు మాత్ర అవసరం లేదు’ అని రాశారు. కీర్తన ఆ చీటీని రెండుసార్లు చదివింది.

“దేవుడు జేసిండు” అంది రూతమ్మ చేతులు జోడించి.

“తిండి మేడం జేసింది” అంది సునీత.

కీర్తన ఇద్దరి వైపూ చూసింది. “మస్తు చెప్తున్నరు. నేను జేసిన” అంది.

నా సర్వీసులో మెచ్చుకోళ్లు కొన్ని వచ్చాయి, స్వీటు పాకెట్లు అంతకంటే ఎక్కువ వచ్చాయి. ఇంత గర్వం మాత్రం దేనికీ కలగలేదు. తనకేం కావాలో, ఏం వద్దో పదిమంది పెద్దల ముందు నిలబడి అడిగింది ఆ పిల్ల. నేను రాసిన చార్టులో ఆ ధైర్యానికి గడి లేదు.

ఆ కేసు నుంచి నేను ఒకటి నేర్చుకున్నాను. పిల్లల ఆరోగ్యం ఒక్క తల్లి వంటింట్లో తేలే సంగతి కాదు. బడి గేటు దగ్గర బండి, ట్యూషన్ అక్క చాక్లెట్, పుట్టినరోజు కేకు, పక్కింటి ప్రేమ, అన్నీ ఆ చిన్న కడుపులోకే చేరతాయి. వాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు, అందుకే వాళ్లకు వద్దని చెప్పడం కష్టం. ఇప్పుడు నేను పిల్లల్ని అడిగే మొదటి ప్రశ్న, “నువ్వంటే ఎవరెవరికి ఇష్టం?” అని. వాళ్లు వేళ్లు మడుస్తూ పేర్లు చెబుతారు. వైద్యం ఆ పేర్లతోనే మొదలుపెడతాను.