తడవకూడనివన్నీ డబ్బాలోకి

శాంతా ఎలెనా తీరంలో మా రేవు పేరు చెబితే ఎవరికీ తెలియదు గానీ, ఫౌస్తినో తొమాలా డబ్బా సంగతి అటు పది రేవుల వరకూ తెలుసు. అది వాళ్ళ నాన్న కాలం నాటి పంది కొవ్వు డబ్బా. అందులో కొవ్వు అయిపోయి యాభై ఏళ్ళయింది. మూత బిగించి, పైన సైకిలు ట్యూబు ముక్క రెండు చుట్లు చుట్టి ముడేస్తే లోపలికి చుక్క నీరు దిగదు. అగ్గిపెట్టె, పడవ కాగితాలు, మేరీమాత బొమ్మ అందులోనే ఉండేవి. సముద్రం మీద తడవకూడనిది ఏదైనా డబ్బాలోకి పోవాలని ముసలాయన పెట్టిన నియమం. ఆయన పోతూ పోతూ పెద్దకొడుకు ఫౌస్తినోకి పడవనీ, డబ్బానీ, చిన్నకొడుకు సెల్సోనీ కలిపి అప్పజెప్పాడు. అప్పటికి సెల్సోకి పదకొండేళ్ళు.

తర్వాత ముప్ఫై ఏళ్ళు అన్నదమ్ములిద్దరూ ఒకే పడవలో వెళ్ళారు, ఒకే గిన్నెలో అరటికాయ ముద్ద తిన్నారు, రోజూ పోట్లాడుకున్నారు. నాన్న చూపించిన రాతిగుట్ట ఒకటి వాళ్ళకి నీళ్ళ అడుగున ఉంది. చర్చి గంట స్తంభం కొండ మీది తెల్లమచ్చతో ఒకే గీతలోకి వచ్చి, దక్షిణాన ఉప్పు గోదాము కొస తొంగిచూసిన చోట గాలాలు దించాలి. ఆ గుర్తులు మూడో మనిషికి తెలియవు. సెల్సో పెళ్ళాం నెల్వాకి కూడా చెప్పలేదు.

యాభై ఎనిమిదో ఏట ఫౌస్తినో కళ్ళ మీదకి పొర పాకింది. ఎండా, ఉప్పూ కలిసి మా వాళ్ళందరికీ ఇచ్చే బహుమానమే అది. కొండ కనబడుతోంది గానీ మచ్చ కనబడడం లేదు. గరువ పట్టిన నెలల్లో, అంటే ఆ సన్నటి మంచు జల్లు జూన్‌లో మొదలై నెలల తరబడి వదలనప్పుడు, కొండ కూడా కనబడదు. సెల్సో పోరగా పోరగా ఇద్దరూ దారి చెప్పే మిషను కొనడానికి పట్నం వెళ్ళారు.

కొట్టు యజమాని గాలో పిన్కాయ్ బల్ల మీద రెండు పెట్టాడు.

"ఇదిగో, దీనికి ఆకాశాన్ని చూసే కన్ను లోపలే ఉంటది. జేబులో వేసుకుని తిరగొచ్చు. ఈ రెండోదానికి కన్ను విడిగా ఉంటది, ఈ తెల్ల పుట్టగొడుగులాంటిది. గెడకర్ర చివర కట్టి తీగ కిందకి లాగుతారు. పెట్టెని ఏ మూల దాచినా పుట్టగొడుగు పైనుంచి చూస్తానే ఉంటది."

"పుట్టగొడుగుదే తీసుకుందాం అన్నా," అన్నాడు సెల్సో.

"గెడ మీద అది నిలబెడితే దొంగలకి బోర్డు కట్టినట్టేరా. లోపల సరుకుంది రండి బాబూ అని," అన్నాడు ఫౌస్తినో.

దొంగల భయం ఉత్తది కాదు. ముందటేడు మా రేవులోనే నాలుగు ఇంజన్లు పోయాయి. తుపాకీ చూపించి, పడవని సముద్రం లోపలికి లాక్కెళ్ళి, ఇంజను విప్పుకుని, మనిషిని అలల మీద వదిలేసి పోతారు.

"అయితే పైన నూనె సీసా కోసి బోర్లిద్దాం. ఏం గాలో, ప్లాస్టిక్ అడ్డమా?"

"అబ్బే, రేకైతేనే అడ్డం."

"విన్నావా? ఎవడికీ కనబడదు."

"పడవ నెత్తిన నూనె సీసా బోర్లించుకుని తిరిగితే రేవంతా నవ్వుతారు."

"నవ్వితే పళ్ళు కనబడతాయి, మనకేం పోయింది? దొంగోడు వచ్చేది ఇంజను కోసం అన్నా. పుట్టగొడుగున్నా వస్తాడు, లేకపోయినా వస్తాడు."

ఫౌస్తినో లోపలి కన్ను మిషనుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అది డబ్బాలో పడుతుందా లేదా అని కొలుస్తున్నాడు. పడుతుంది. అంతే, ఇక ఎవరు చెప్పినా వినడు.

"డబ్బాలో పెడితే దానికి ఆకాశం కనబడదండీ," అన్నాడు గాలో. "వెతికి వెతికి బ్యాటరీలు తినేస్తది."

"ఆపేసి పెడతాం. కావలసినప్పుడు తీస్తాం. మా నాన్న కాలం నుంచీ ఆ డబ్బాలో పెట్టింది ఏదీ పాడవలేదు."

సెల్సో పకపకా నవ్వాడు. "అంత గొప్ప డబ్బా అయితే నన్ను కూడా అందులో పెట్టెయ్. తడవకుండా ఇంటికొస్తా."

"నీకంత విలువెక్కడిదిరా?" అన్నాడు ఫౌస్తినో.

ఆ మాటకి గాలో కూడా నవ్వాడు. వాళ్ళిద్దరి మాటలూ ఎప్పుడూ అలాగే ఉంటాయి.

మూడు నెలలు మిషను ఉన్న చోటుని అంకెల్లో చూపిస్తూ బుద్ధిగా పనిచేసింది. గరువలో కూడా నేరుగా గుట్ట మీదకి తీసుకెళ్ళేది. ఫౌస్తినో రేవులో ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఆగస్టులో కంటి పొర తీయించుకుంటే వారం రోజులు కట్టు విప్పొద్దన్నారు. ఇంకో పడవతో జతగా వెళ్ళమని నెల్వా మొత్తుకుంది. గుట్ట సంగతి బయటపడుతుందని అన్నదమ్ములిద్దరూ ఒప్పుకోలేదు. సెల్సో ఒక్కడే బయల్దేరాడు.

"తెలియని పడవ కనబడితే ముందు మిషను డబ్బాలో వెయ్," అన్నాడు ఫౌస్తినో మంచం మీంచే. "ఏదైనా ఆ తర్వాతే."

"సరే అన్నా. ముందు మిషనే."

మధ్యాహ్నం అన్నం వేళకి ఇంట్లో పడవతో మాట్లాడే రేడియో గరగరలాడింది. కళ్ళకి కట్టుతోనే ఫౌస్తినో తడుముకుంటూ వెళ్ళి దాన్ని అందుకున్నాడు. నెల్వా పక్కనే నిలబడింది.

"అన్నా, ఇంజను పట్టుకుపోయారు. పొద్దెక్కాక వచ్చారు. గంటన్నరపైన సముద్రం లోపలికి లాక్కొచ్చి ఇప్పుడే వదిలేశారు. నన్నేం చెయ్యలేదు. రేడియో వల కింద తోసేశాను, చూడలేదు."

"మిషను?"

"డబ్బాలోనే ఉంది. డబ్బా జోలికి రాలేదు."

"చూశావా!" అన్నాడు ఫౌస్తినో. ఆ ఒక్క క్షణం అతనికి గర్వంగానే అనిపించింది. దానికి ఇప్పటికీ తనని తాను క్షమించుకోలేదు. "తియ్, తీసి అంకెలు చదువు."

గరగరలో డబ్బా మూత చప్పుడు వినబడింది.

"కంగారులో ఆపలేదన్నా, వెలుగుతానే పడేశా. బ్యాటరీ ఒక్క గీతే ఉంది. వెతుకుతున్నా అంటోంది."

"పైకెత్తి పట్టుకో. ఆకాశం చూపించు."

"ఎత్తే పట్టుకున్నా. పాత అంకెలే ఉన్నాయి. పొద్దుటివి, గుట్టవి. ఇంకా వెతుకుతున్నా అంటోంది."

"కొండ కనబడుతోందా? ఏదో ఒక గుర్తు చెప్పరా!"

"తెల్లగా ఉంది. అంతా తెల్లగానే ఉంది." తర్వాత, "ఆరిపోయింది అన్నా."

నెల్వా రేడియో లాక్కుని ఏదో అరిచింది. సెల్సో ఆమె పేరు పిలిచాడు. ఇంకేదో అన్నాడు గానీ గరగరలో కలిసిపోయింది. సాయంత్రం దాకా పిలుస్తూనే ఉన్నారు.

రేవు అధికారి అడిగిన మొదటి ప్రశ్న, ఎక్కడ అని. ముప్ఫై ఏళ్ళు దాచిన గుట్ట గుర్తులన్నీ ఫౌస్తినో అందరి ముందూ చెప్పేశాడు. అవి తప్ప చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. గంటన్నర లాక్కెళ్ళారంటే ఏ వైపుకో ఎవరికి తెలుసు? మా పడవలన్నీ గుట్ట చుట్టూ, దాని అవతలా నాలుగు రోజులు తిరిగాయి. ఐదో రోజు ఇంజన్ల నూనెకి డబ్బుల్లేక ఒక్కొక్కటే ఒడ్డెక్కాయి. ఎవరినీ తప్పుపట్టలేం.

ఇప్పుడు మా రేవులో ప్రతి పడవ మీదా గెడకర్ర ఉంది, దాని చివర బోర్లించిన నూనె సీసా ఉంది. ఎవరూ నవ్వరు. పొర తీశాక ఫౌస్తినోకి చూపు బాగా వచ్చింది. గడపలో కూర్చుంటే కొండ మీది తెల్లమచ్చ స్పష్టంగా కనబడుతుంది. గుట్ట మీద ఇప్పుడు అందరూ చేపలు పడుతున్నారు. అతను వెళ్ళడు.

అది జరిగిన ఏడు వారాలకి ఉత్తరపు రేవు పడవ వాళ్ళు ఒక డబ్బా తెచ్చారు. నాచులో తేలుతుంటే దొరికిందట. లోపలి కాగితాల మీది పేరు చూసి అడుగుతూ వచ్చారు. పడవ కనబడలేదు, మనిషీ కనబడలేదు. మళ్ళీ ట్యూబు చుట్టి జాగ్రత్తగా తెచ్చారు పాపం. వాళ్ళకి నెల్వా పులుసు పెట్టింది.

"మేం విప్పే ముందు కూడా ఇలాగే రెండు చుట్లుంది," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

అంటే మిషను ఆరిపోయాక సెల్సో దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టి, ముడేశాడు. అన్న చెప్పినట్టే.

వాళ్ళు వెళ్ళాక ఫౌస్తినో మూత తీశాడు. అగ్గిపెట్టె పొడిగా ఉంది. కాగితాలు పొడిగా ఉన్నాయి. మేరీమాత చెంగు మీద చిన్న మరక కూడా లేదు. మిషనుకి కొత్త బ్యాటరీలు వేసి గడప బయట పెట్టాడు. ఆ రోజు ఆకాశం శుభ్రంగా ఉంది. కాసేపు వెతికింది. తర్వాత అంకెలు వచ్చి నిలబడ్డాయి.

నెల్వా తలుపు దగ్గర్నుంచి చూస్తోంది. "ఏమంటోంది బావగారూ?"

ఫౌస్తినో అంకెల్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"మనం ఇక్కడున్నామంటోంది అమ్మా," అన్నాడు.