సేఠ్ చెప్పిన సాక్ష్యం

కోర్టు వాయిదా రోజు పొద్దున్నుంచి నాకు కాలు నిలవలేదు. చీరకు స్టోన్లు అంటిద్దామని కూర్చుంటే జిగురంతా వేళ్లకే అయింది. అన్నం వండి, ఉడికిందో లేదోనని మళ్లీ మళ్లీ మూత తీసి చూశాను. మా ఆయన మాత్రం పెళ్లికి పోతున్నట్టు తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. చేతికర్ర మూలనే ఉంది.

"కట్టె తీస్కోవాయ్యా?"

"ఎందుకే? ఆటోల పోతున్నం గద."

నాకు ఒళ్లు మండింది. సూరత్ పక్కన కిమ్ ఊళ్లో బట్టల మిల్లులో డ్యూటీ దిగి రోడ్డు దాటుతుంటే ఓ కారు గుద్దేసింది. కాలు విరిగితే రాడ్డు వేశారు. ఎముక అతికింది గానీ మడమ నేలకు ఆనదు. ఇంట్లో గోడ పట్టుకునే నడుస్తాడు. మిల్లులో పనేమో పొద్దంతా నిలబడి చెయ్యాలి, మగ్గం నుంచి మగ్గానికి తిరుగుతూ తెగిన దారం ముడెయ్యాలి. ఆ పని ఇక ఈయన వల్ల కాదని కోర్టు నమ్మితేనే కారు ఇన్సూరెన్సు వాళ్ల నుంచి నష్టపరిహారం సరిగ్గా వస్తుంది. అది వస్తే ఇంటి ముందు చిన్న కిరాణా డబ్బా పెట్టుకోవాలని నా ఆశ. లేకపోతే నా స్టోన్ల పని ఒక్కటే దిక్కు.

మా వకీలు మన తెలంగాణ వాళ్ల పిల్లే. సూరత్‌లోనే పుట్టి పెరిగింది, వాళ్ల నాన్నా మగ్గం నడిపినవాడే. కోర్టు వరండాలో నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, బావకు జర సమ్జాయించు. జజ్ సాబ్ ముంగట సచ్ చెప్పాలె. దర్ద్ ఉంటే, నొప్పి ఉందని చెప్పాలె. బస్, ఇంకేం వద్దు."

"ఇంటున్నవా?" అని ఆయన్ని మోచేత్తో పొడిచాను. ఎక్కడ వింటాడు! చూపంతా తలుపు పక్క బెంచీ మీదే ఉంది. అక్కడ వాళ్ల మిల్లు సేఠ్ కూర్చున్నాడు. ఈయన ఏం పని చేసేవాడో చెప్పడానికి మా వకీలే బతిమాలి సాక్షిగా రప్పించింది. మా ఆయన పోయి ఆయనకు నమస్తే పెట్టి, నిటారుగా నిలబడ్డాడు.

ముందు మా ఆయన్నే పిలిచారు. తలుపు తెరిచే ఉంది. ఇన్సూరెన్సు వాళ్ల వకీలు హిందీలో అడిగాడు, ఇప్పుడు పని చెయ్యగలవా అని. మా ఆయన జడ్జి వైపు చూడలేదు. తలుపు వైపు చూశాడు.

"క్యోం నహీ సాబ్? కల్ బులావ్, కల్ ఆయేగా."

రేపు పిలిస్తే రేపే వస్తాడట! ఆ వకీలు ఇంకేం అడగకుండా కూర్చున్నాడు. మా వకీలు పిల్ల నుదురు పట్టుకుంది.

వరండాలోకి రాగానే ఆగలేకపోయాను.

"నీకేమన్న దిమాక్ ఉన్నదా? ఏందయ్యా గిట్ల జేసినవ్! ఇంట్ల రాత్రంత మూలుగుతవ్, ఈడికొచ్చి పైల్వాన్ లెక్క నిలవడ్తవ్!"

"మెల్లగ మాట్లాడవే. సేఠ్ ఇంటడు. నాతోని కాదంటే మళ్ల పనిలకు రానిస్తడా?"

మా గల్లీలో మగవాళ్లెవరూ సేఠ్ ముందు చాతకాదని అనరు. జ్వరమొస్తే తలకు తువ్వాలు చుట్టుకుని పోతారు. ఒక్క పూట కాదంటే తన మగ్గాల దగ్గర ఇంకొకడు నిలబడతాడని భయం. అదంతా నాకూ తెలుసు. అయినా కోపం దిగలేదు.

ఇంతలో సేఠ్‌ను లోపలికి పిలిచారు. నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. మంచి పనివాడేనా అని అడిగింది మా వకీలు. నా దగ్గరి కారీగర్లలో ఇంత మంచివాడు లేడన్నాడు. మళ్లీ పనిలో పెట్టుకుంటారా అని అడిగింది.

"ఎట్లా పెట్టుకుంటాను? గంట సేపు నిలబడలేడు. అతను ఆస్పత్రిలో ఉండగానే ఆ మగ్గాలు వేరేవాడికి ఇచ్చేశాను. ఇక రాడని నాకు అప్పుడే తెలుసు," అన్నాడు సేఠ్ హిందీలో, మామూలుగా.

జడ్జి ఆ మాటలు రాయించుకున్నాడు. మా వకీలు నా వైపు తిరిగి, భయం లేదన్నట్టు తల ఊపింది. కేసు నిలబడాలంటే కావలసింది ఆ మాటే. నేను దేవుళ్లకు మొక్కుకుంది కూడా ఆ మాట కోసమే. తీరా విన్నాక ఆ సేఠ్ కాలర్ పట్టుకుని గుంజాలనిపించింది.

వెనక్కి తిరిగేసరికి మా ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

"నా మగ్గాలు నాకే ఉంచిండనుకున్ననే," అన్నాడు.

లెమ్మని చెయ్యిచ్చాను. పట్టుకున్నాడు గానీ లేవలేదు.