అట్ట మీద ఉన్నావిడ

మొన్న చాలా రోజుల తర్వాత గిటారు పెట్టె తెరిచాను. చెక్క, పాలిష్ కలిసిన ఆ వాసనకి కూర్మన్నపాలెంలో రత్నం టీచరు ఇంటి వరండా గుర్తొచ్చింది.

నాకప్పుడు పదకొండేళ్లు. టీచరు పగలు ఆసుపత్రిలో నర్సు, సాయంత్రాలు మాకు గిటారు నేర్పేవారు. ఆ రోజు ఒక కొత్త బాణీ వాయించారు. అది నెమ్మదిగా మొదలైంది, చివర్లో ఆవిడ వేళ్లు కంటికి అందలేదు. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఆ బాణీ ఉన్న పుస్తకం అట్ట మీద ఒకావిడ ఫోటో ఉంది.

"ఈవిడ బాణీ కట్టినాయన భార్యా, టీచర్?" అని అడిగాను.

"భార్యేటే? ఈవిడే కట్టింది. ఈ పుస్తకంలో ఉన్నవన్నీ ఆడోళ్లు కట్టినవే. నాను ఎతికి ఎతికి తెప్పించుకున్నాను."

కిందటి వారం నేనొక చిన్న బాణీ వాయిస్తే, ఎక్కడిదని టీచరు అడిగారు. రేడియోలో విన్నానని అబద్ధం చెప్పాను. ఆడవాళ్లు వాయిస్తారే గాని, కొత్తగా కట్టేది మగవాళ్లేనని అప్పటి నా నమ్మకం.

"టీచర్, ఆ రేడియో బాణీ నేనే కట్టాను," అన్నాను తల దించుకుని.

ఆవిడ కోప్పడలేదు. గిటారు నా ఒళ్లో పెట్టి, నోటుబుక్కు తెచ్చుకుని నా ఎదురుగా కింద కూర్చున్నారు.

"మెల్లగా వాయించమ్మా. నాను నేర్సుకోవాల."

అంతటి మనిషి ఒక చిన్నపిల్ల దగ్గర నేర్చుకోవడానికి కూర్చోవడం ఎంత గొప్పో అప్పుడు తెలియలేదు. నేను పిల్లలకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది.