మడితీగ మీద కాకి

శనివారం మధ్యాహ్నం, డాబా మీద. హాజరైనవారు: నేను, నాన్నగారు, నాయనమ్మ, ఒక కాకి.

ఆ రోజుల్లో ఎవరెవరున్నారో రాయకుండా డైరీలో ఏ సంగతీ మొదలుపెట్టేవాణ్ని కాదు (ఇప్పటికీ అంతే, మా ఆవిడ నవ్వుతుంది). సత్యనారాయణపురంలో ఉండేవాళ్ళం. కొత్తగా ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు కూర్చుని సొంతంగా ఒక రేడియో కట్టుకున్నాను. పాటల కోసం కాదు. లైసెన్సు తీసుకుని ఇంట్లోంచే రేడియోలో మాట్లాడుకునే హ్యాములుంటారు, వాళ్ళను వినడానికి. ఉయ్యూరులో మా లెక్కల మేష్టారు అలాంటివారే, ప్రతి ఆదివారం పొద్దున మాట్లాడేవారు. తీరా చూస్తే ముల్లు ఎటు తిప్పినా మా ఊరి రేడియో కేంద్రమే పలికేది. మేష్టారు ఉండాల్సిన చోట ఎవరో వరి నారుమడికి ఎరువు వేయిస్తూ ఉండేవారు.

"ఈ ఎరువు మన హాల్లో రేడియోలోనూ వస్తోంది కదరా," అన్నారు నాన్నగారు. "రేపు పొద్దున మీ మేష్టారు పలక్కపోతే ఆ ఏరియల్ దింపెయ్."

పద్ధతి ప్రకారం ఒక్కొక్కటే మార్చి చూశాను. కాయిల్ మార్చాను, ఎర్తు మార్చాను, చివరికి నేను కూర్చునే దిక్కు కూడా మార్చాను. అప్పుడొచ్చి వాలింది కాకి, ఏరియల్ పక్కనే ఉన్న ఇనపతీగ మీద. తీగ ఊగింది, ఎరువు ఆగింది. కాకి ఎగిరిపోయింది, ఎరువు మళ్ళీ మొదలైంది. ఆ తీగకు మధ్యలో తుప్పు పట్టిన ముడి ఒకటుంది. దగ్గర్లో పెద్ద స్టేషనుంటే అలాంటి ముడి దాన్ని పట్టుకుని, లేని చోట్లకు కూడా వెదజల్లుతుందని చదివాను. చదివీ దానివైపు చూడలేదు. ఎందుకంటే అది నాయనమ్మ మడిబట్టలు ఆరేసుకునే తీగ, చిన్నప్పటినుంచీ నా చేతుల లెక్కలో లేనిది.

"ముట్టుకోవద్దు," అంది నాయనమ్మ, తుప్పు గీకడానికి నేను గరుకు కాగితం తీసుకోగానే.

"కాకి ముట్టుకోవచ్చా?"

"కాకికి చెప్తే వినదు. నువ్వు వింటావు." తీగ వైపోసారి, నా వైపోసారి చూసింది. "తలస్నానం చేసి తడిబట్టతో రా. ఆ చేతిలో కాగితం కూడా తడుపు."

తడిపితే నా గరుకు కాగితం ముద్దయిపోయింది. నాయనమ్మ లోపలికెళ్ళి, తన రాగిచెంబులు తోముకునే చింతపండూ కొబ్బరిపీచూ తెచ్చిచ్చింది. తడిపంచెతో, పళ్ళు కటకటలాడిస్తూ, ఉద్యోగస్థుణ్ని నేను, డాబా మీద ఒక ముడి విప్పి చింతపండుతో తోమాను. తీగ తళతళలాడాక గట్టిగా మెలేశాను. (పక్కింటివాళ్ళు ఏ వ్రతమని అడిగారు.)

మర్నాడు పొద్దున నాన్నగారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నాయనమ్మ మడిచీరలో, గడపకు అవతలే నిలబడింది. ముల్లు తిప్పాను. ఎరువు లేదు. గరగర. ఆ గరగరలోంచి, తరగతిలో పిలిచినట్టే, "ఉయ్యూరు నుంచి మాట్లాడుతున్నాను. ఎవరికైనా వినపడుతోందా?"

పేపరు కిందికి దిగింది. ఏరియల్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

"అడుగుతున్నాడు కదరా, చెప్పు," అంది నాయనమ్మ.

"ఇది వినే పెట్టే నాయనమ్మా. మనం మాట్లాడితే వెళ్ళదు."

"వెళ్ళకపోతే? పెద్దమనిషి అడిగాడు." గడప అవతలినుంచే కొంచెం ముందుకు వంగి, "వినపడుతోంది నాయనా, బాగా వినపడుతోంది," అంది.

ట్రాన్స్‌మిటర్ అంటే ఏమిటో ఆవిడకు చాలాసేపు వివరించాను. ఇప్పుడు టీవీలో వార్తల అమ్మాయి నమస్కారం పెడితే, నేనూ చేతులెత్తి తిరిగి పెడుతున్నాను.